ఊ హ్యుగ్గె అనే ముసలాయన

బర్మాలోని యాంగోన్ ఊళ్ళో, బోటాటౌంగ్ పేటలో రేవు గిడ్డంగుల వెనక సందులో, ఇరుకు మెట్లెక్కి పైకి వెళితే ఒక పొడుగాటి గది ఉంటుంది. ముందువైపు కిటికీ, వెనకవైపు వంట, మధ్యలో చెక్క తడిక. ఆ గదిలో అమ్ములూ, ఆమె అత్త సూరమ్మా ఉంటారు. అమ్ములు కుట్టుపని చేస్తుంది. చౌక్తడాలో ఒక కర్టెన్ల షాపువాళ్ళు గుడ్డ కత్తిరించి పంపితే, కిటికీ దగ్గర మిషనేసుకుని కుట్టి ఇస్తుంది. నలభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, మాట తక్కువ. నిరుటి దాకా ఆమె నుదుట బొట్టుతో పాటు చేతులకి గాజులూ, మెడలో పుస్తెలూ కూడా ఉండేవి. మొగుడు వాసు సముద్రంలో పోయి ఏడెనిమిదేళ్ళయిందని సందులో అందరికీ తెలుసు. తెలిసినా ఆ గాజుల సంగతి ఎత్తిన వాళ్ళు లేరు.

దానికి కారణం ఉంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అమ్ములు అత్తకో కప్పు టీ ఇచ్చి, తనో కప్పు తీసుకుని, ఇంకో కప్పు కిటికీ పక్కన స్టూలు మీద పెట్టేది. అది మొగుడికి కాబోలని కొత్తగా వచ్చినవాళ్ళు అనుకునేవారు. మొగుడికి కాదు. ఊ హ్యుగ్గె అనే ముసలాయనకి.

వాసు సంగతి చెబితే గాని ఆ ముసలాయన సంగతి బోధపడదు.

వాసుది రేవు కుటుంబం. ముత్తాత గంజాం వైపునించి బస్తాలు మొయ్యడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తాత, తండ్రి కూడా ఆ రేవులోనే ముసలివాళ్ళయ్యారు. వాసు మాత్రం రేవులో ఆగకుండా ఓడెక్కాడు. ఇంజిన్ గదిలో ఆయిలర్ పని. యంత్రాలకి నూనె పెట్టడం, వేడి చూసుకోవడం, తుడవడం. ఏడాదిలో ముప్పాతిక భాగం నీళ్ళ మీద, మిగతాది ఇంటి దగ్గర. నవ్వులాటల మనిషి. ఇంటికొచ్చాడంటే ఆ చిన్న గది చాలేది కాదు.

ఒక ఓడలో అతనికి పైవాడు, చీఫ్ ఇంజినీరు, నార్వే దేశస్తుడు. మొదటిరోజే వాసు చెయ్యి పట్టుకుని ఊపి "హ్యుగ్గెలి" అన్నాడట. నిన్ను కలుసుకోవడం సంతోషం అని దానర్థం. పని దిగాక ఆయన తన కేబిన్‌లో చిన్న దీపం పెట్టి, కాఫీ కాచి, ఇంజిన్ గదివాళ్ళని పిలిచి కూచోబెట్టేవాడు. కబుర్లుంటే కబుర్లు, లేకపోతే ఊరికే కూచోవడం. అలా కూచోవడాన్నే హ్యుగ్గె అనేవాడు. వాసు ఆ మాటని ఇంటికి తెచ్చాడు. యాంగోన్‌లో కరెంటు పోవడం ఉన్నదే కదా. పోగానే కొవ్వొత్తి వెలిగించి, తల్లినీ పెళ్ళాన్నీ చాప మీదకి పిలిచి, వేయించిన శనగలు మధ్యలో పోసి, "రాండి, హ్యుగ్గె సేద్దుం" అనేవాడు. సూరమ్మకి నోరు తిరిగేది కాదు. "ముసిల్దానికి ఉగ్గేటిరా" అని నవ్వేది. అలాంటప్పుడు కరెంటు వస్తే అమ్ములుకి కోపం వచ్చేది.

తరవాతి ఖేపుకి ఆ చీఫ్ పని మానేసి తన దేశం వెళ్ళిపోయాడు. వాసుకి వేరే ఓడ దొరికింది. పాతది, బొగ్గూ ఖనిజాలూ మోసే ఓడ. వెళ్ళిన కొన్నాళ్ళకి ఆఫ్రికా వైపు ఏదో రేవునించి వైబర్‌లో ఫోన్ చేశాడు. మాట తెగి తెగి వస్తోంది. ఓడెలాగుంది మావా అని అమ్ములు అడిగింది.

"ఓడా?" అన్నాడు. "ఊ హ్యుగ్గె."

బర్మాలో పెద్ద వయసు మగవాళ్ళ పేరు ముందు గౌరవానికి ఊ అని చేరుస్తారు. మన అయ్యగారు లాంటిది. అమ్ములు పుట్టి పెరిగింది ఆ ఊళ్ళో. ఆమె చెవికి అది మనిషి పేరులాగే వినపడింది. చీఫ్‌లాగే అందరినీ కూచోబెట్టి కబుర్లు చెప్పే ముసలాయన ఎవరో ఈ ఓడలోనూ దొరికాడని, బర్మా కుర్రాళ్ళు ఆయనకా పేరు పెట్టేసుంటారని అనుకుంది.

"కొత్త ముసిలాయన దొరికేడేటి?" అని నవ్వింది.

అవతల చప్పుడు లేదు. ఫోన్ తెగిందేమో అనుకుంది.

"ఆఁ, ముసిలాయనే" అన్నాడు వాసు. "సాయంత్రమైతే ఇంజిన్ గదిలోకి దిగొస్తాడు. నా ఎనకాల నిలబడతాడు."

"ఏటి సేత్తాడు?"

"ఏటీ సెయ్యడు. నిలబడతాడు."

"పోనీలే, నీకు తోడు. నా దండాలని సెప్పు."

వాసు నవ్వాడు. చెప్తాన్లే అన్నాడు. తరవాత మాట అందలేదు.

ఆ ఓడ గాలివానలో మునిగింది. ఇంజిన్ గదిలోకి నీళ్ళొచ్చాయని, పైనున్నవాళ్ళు కొందరు పడవలోకి దిగి బతికారని, కిందున్నవాళ్ళు రాలేదని, ఉద్యోగం వేయించిన ఆఫీసువాళ్ళు పిలిచి చెప్పారు. వాసు శవం దొరకలేదు.

బతికినవాళ్ళలో జో మిన్ అని ఒకతనున్నాడు. నదికి అవతల డలాలో ఇల్లు. వాసుతో పాటు ఇంజిన్ గదిలోనే పని, ఆ పూట డ్యూటీ కాకపోవడంతో పైన ఉన్నాడు. కొన్నాళ్ళు పోయాక పలకరించడానికి వచ్చాడు. చాప మీద కూచుని చేతులు చూసుకుంటూ తనకి తెలిసింది చెప్పాడు. సూరమ్మ ఏడుస్తోంది. అమ్ములు ఏడవలేదు. ఊ హ్యుగ్గె బతికాడా, పోయాడా అని అడిగింది.

అలాంటి పేరుగల పెద్దాయన మా ఓడలో లేడక్కా అన్నాడు జో మిన్. అందరూ నడివయసు లోపువాళ్ళేనన్నాడు. సాయంత్రం పూట ఇంజిన్ గదిలో మా ఆయన వెనకాల నిలబడేవాడట కదా అని అమ్ములు మళ్ళీ అడిగింది. ఆ మాటకి జో మిన్ మొహం పాలిపోయింది. మెల్లిగా, ఎవరూ లేకపోయినా ఎవరో ఉన్నట్టు తనకీ అనిపించేదని, వెనక్కి తిరిగి చూడబుద్ధయ్యేది కాదని అన్నాడు. టీ ముట్టుకోకుండా లేచి వెళ్ళిపోయాడు.

అమ్ములు ఆ మాటని పట్టుకుంది. పోయినవాళ్ళ లెక్కలోనూ లేడు, బతికినవాళ్ళ లెక్కలోనూ లేడు. అయితే ఆయనెవరో లెక్కలకి అందని మనిషి. వాసు ఎక్కడుంటే అక్కడ పక్కనే ఉంటాడు. ఆయనొచ్చి చెబితే తప్ప మొగుడు పోయాడని తను ఒప్పుకోదు. పన్నెండోరోజు లేదు, కర్మ లేదు, గాజులు తియ్యడం లేదు. సూరమ్మ ఏటా మాలయ అమావాస్య ముందు ఆ మాట ఎత్తేది. అమ్ములు మిషను తొక్కుతూనే ఉండేది. ఆ ముసలిదానికి కొడుకు పేరున పిడికెడు నువ్వులు నీళ్ళలో వదిలే దారి కూడా లేకపోయింది.

అమ్ములు పన్సొడాన్ జెట్టీ దగ్గర ఓడవాళ్ళు కూచునే టీ కొట్లకి వెళ్ళేది. ఊ హ్యుగ్గె అనే పెద్దాయన ఎక్కడైనా కనపడ్డాడా అని అడిగేది. మొదట్లో తెలీదన్నారు. అడగ్గా అడగ్గా ఆ పేరు వాళ్ళలో పాకింది. ఫలానా ఓడ వెనకవైపు రెయిలింగు పట్టుకుని ఒక ముసలాయన నిలబడితే చూశానని ఒకడన్నాడు. మలబారు తీరం దాటాక తమ ఇంజిన్ గదిలో తడి అడుగులు కనపడ్డాయని ఇంకొకడు. కొందరు ఓడెక్కే ముందు ఆయన పేరు చెప్పి బోటాటౌంగ్ పగోడా దగ్గర పూలు పెట్టడం మొదలెట్టారు. అబద్ధమాడారని అనలేం. సముద్రం మీద మనిషికి ఏవేవో కనపడతాయి.

ఇంట్లోనూ అంతే. పొద్దువాలి, కరెంటు పోయి, వీధి చప్పుడు సన్నగిల్లేసరికి అమ్ములు వెనకాల ఎవరో వచ్చి నిలబడేవారు. కొయ్య నేల ఒకచోట కిర్రుమనేది. నూనె వాసన వేసేది, మిషన్ నూనె కాదు, డీజిల్ లాంటిది. ఆమెకి భయం వేసేది కాదు. మొగుడి దగ్గరనించి మనిషొచ్చినట్టుండేది. వెనక్కి తిరక్కుండా కుట్టుకుంటూ, మా ఆయన అక్కడ చల్లగా ఉన్నారా అని మనసులో అడిగేది. సూరమ్మ మాత్రం ఆ వేళకి మంచం మీద గోడవైపు తిరిగి ముసుగేసుకునేది.

అలా ఏళ్ళు గడిచాయి. నిరుడు వానాకాలంలో కర్టెన్ల షాపునించి కుషన్ గలీబుల పని వచ్చింది. కొత్తగా పెడుతున్న కాఫీ షాపుకట. నీకు నడిచే దూరమే, నువ్వే వెళ్ళి ఇచ్చేయమన్నారు. అమ్ములు మూట ప్లాస్టిక్ కవర్లో కట్టుకుని, గొడుగేసుకుని వెళ్ళింది. కోర్టు వెనక వీధిలో ఇంగ్లీషువాళ్ళ నాటి పాత మేడ, గోడల్లో రావి మొక్కలు మొలిచిన మేడ. కింది వాటాకి కొత్త రంగేశారు. తలుపు పైన బోర్డు మీద బర్మా అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

హ్యుగె.

గొడుగు చేతిలోనే ఉంది గాని పక్కకి వాలిపోయింది. వాన మీద పడుతున్నా ఆమెకి తెలీలేదు. ఆ మాట మొగుడి నోట, తమ గదిలో, కొవ్వొత్తి దగ్గర తప్ప ఆమె ఇంకెక్కడా వినలేదు.

లోపల కరెంటు లేదు. బల్లల మీద కొవ్వొత్తులు పెడుతూ షాపు యజమాని తింజా ఉంది. ముప్పై దాటిన పిల్ల, డెన్మార్క్‌లో చదువుకుని కొన్నాళ్ళు అక్కడే వంటశాలల్లో పనిచేసి తిరిగొచ్చింది. తడిసిపోయారు ఆంటీ, కూచోండని తువ్వాలిచ్చింది. అమ్ములు కూచోలేదు. ఈ షాపు పెద్దాయన ఉన్నారా అని అడిగింది. షాపు నాదే, పెద్దాయనెవరూ లేరంది తింజా. మరి ఆ పేరు?

తింజాకి ఆ మాటంటే ఇష్టం. గలీబుల మూట విప్పుతూ చెప్పుకొచ్చింది. అది మనిషి పేరు కాదు. చలికాలం తలుపేసుకుని, దీపం పెట్టుకుని, మనవాళ్ళనుకున్నవాళ్ళతో తీరిగ్గా కూచుంటే మనసుకి కలిగే నెమ్మది. మొదట నార్వేవాళ్ళ మాట. రెండువందల ఏళ్ళ కిందట డెన్మార్క్‌వాళ్ళు తెచ్చుకుని, ఇప్పుడు తమ సొంత సొత్తులా వాడుకుంటున్నారు. దాని వేరు చాలా పాతది, మనసు, తలపు అని ఆ రోజుల్లో అర్థమట. కౌగిలికి ఇంగ్లీషువాళ్ళు వాడే మాటకి ఇది చుట్టమని కొందరంటారు గాని ఖాయంగా ఎవరికీ తెలీదట. ఇదంతా తను అద్దెకున్న ఇంటి ముసలావిడ చెప్పిందంది.

తనకి ఆ మాట తెలుసని అమ్ములు చెప్పింది. మొగుడి సంగతి చెప్పింది, చీఫ్ సంగతి చెప్పింది. ఆ తరవాత, రెండో ఓడలో ఊ హ్యుగ్గె అని ఒక పెద్దాయన ఉండేవారు, ఆయన కోసం వెతుకుతున్నానంది.

తింజా చేతిలోని గలీబు పక్కన పెట్టింది. ఆ పేరు మీకెవరు చెప్పారని అడిగింది. మొగుడే, ఆఖరి ఫోన్‌లో. ఓడెలాగుందని అడిగితే ఆయన అన్న మాట.

"ఓడ ఎలా ఉందని మీరడిగితే అన్నారా?"

"అవును."

తింజా కుర్చీ లాగి అమ్ములుని కూచోబెట్టింది. తనూ ఎదురుగా కూచుంది. ఎలా చెప్పాలో తెలీక కొవ్వొత్తి మైనం గిల్లింది.

"ఆంటీ, అక్కడి భాషల్లో మాట ముందు ఊ చేరిస్తే గౌరవం కాదు. లేదు అని. ఊహ్యుగె అంటే ఆ నెమ్మది లేకపోవడం. పాడుబడిన ఇంటి ముందు నించి వెళుతుంటే వీపు జలదరిస్తుందే, ఏమీ జరక్కపోయినా ఏదో జరగబోతోందని మనసు చెబుతుందే, అది. మనిషి కాదు."

అమ్ములు ఆ ఫోన్ మాటలు ఒక్కొక్కటే తలుచుకుంది. ఓడ ఎలాగుందని తను అడిగింది. చీఫ్ దగ్గర నేర్చుకున్న మాటతోనే, భయంగా ఉందని మొగుడు చెప్పాడు. ముసలాయన దొరికాడా అని తను నవ్వింది. ఆ తరవాత అతను ఆగిన ఆ కాసేపూ ఆమె చెవుల్లో మళ్ళీ వినపడింది. భయపడుతున్నానని ఇంకోసారి చెప్పడానికి నోరు రాక, పెళ్ళాం నవ్వు పాడుచెయ్యలేక, ఆ భయానికే ముసలాయన వేషం వేసి మాట కలిపాడు. సాయంత్రమైతే దిగొస్తాడు, నా వెనకాల నిలబడతాడు, ఏటీ సెయ్యడు.

తింజా టాక్సీ పిలుస్తానంది. వద్దని నడిచే వెళ్ళింది. స్ట్రాండ్ రోడ్డు పొడుగునా నది వానలో కనపడీ కనపడకుండా ఉంది.

ఇంటికి చేరేసరికి దీపాల వేళయింది. అలవాటు కొద్దీ టీ కాచి, కప్పులు నింపి, కిటికీ దగ్గర స్టూలు మీద పెట్టబోయి ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా తను టీ పోస్తున్నది మొగుడి నేస్తానికి కాదు, మొగుడి భయానికి. వెనకాల నేల కిర్రుమంది. నూనె వాసన వేసింది. ఆ సాయంత్రం మొట్టమొదటిసారి అమ్ములుకి ఒళ్ళు చల్లబడింది. కప్పు అక్కడే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి కింద గుమ్మంలో కూచుంది. పూర్తిగా చీకటి పడి, పక్కవాటా వాళ్ళు జెనరేటర్ వేశాక గాని పైకి రాలేదు.

తరవాత రోజులూ అంతే. పొద్దువాలితే గదిలో ఉండలేకపోయేది. పని సగంలో ఆపేసి మెట్ల మీదకి పోయేది. మిషను కిటికీ దగ్గరనించి లాగి గోడకి ఆనించింది, వీపు వెనక ఖాళీ లేకుండా. అయినా గోడకీ తనకీ మధ్య ఎవరో ఇరుక్కుని నిలబడ్డట్టే ఉండేది.

సూరమ్మ కొన్నాళ్ళు ఊరుకుంది. ఒక సాయంత్రం మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగొచ్చి కోడలి పక్కన చతికిలబడింది. ఏటైందే అమ్మీ అంది. అమ్ములు మొత్తం చెప్పింది. ఫోన్ మాట, కాఫీ షాపు, ఊ అంటే అక్కడేమిటో, అన్నీ. ఇన్నేళ్ళలో అంతసేపు మాట్లాడింది లేదు. చివర ఏడుపొచ్చేసింది. నాను నవ్వేనత్తా, మావ బయమేస్తందంటే నాను నవ్వేను అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంది.

సూరమ్మ చీర కొంగుతో కోడలి మొహం తుడిచింది. తన కొడుకు చిన్నప్పుడూ అంతేనని చెప్పింది. ఆడికెప్పుడూ భయం వెయ్యలేదు. వాళ్ళ నాన్న రేవులో దెబ్బ తగిలి ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో, మూలనున్న గోనెసంచి చూపించి, అమ్మా, దానికి బయమేస్తంది, దాని పక్కన పడుకుందుమా అని అడిగేవాడు.

"మరి మీరేటి సేసీవోరు?"

"ఏటి సేస్తాను. గోనెసంచి పక్కన పడుకునేదాన్ని." సూరమ్మ కోడలివైపు తిరిగింది. "నువ్వూ అదే సేసేవు. దండాలని సెప్పమన్నావు. ఆడు నవ్వేడన్నావు గదా. ఆడి కడుపులో ఉన్నది తెలిసుంటే నువ్వేడ్సీదానివి, ఆడూ ఏడ్సీవోడు. నవ్వే ఎల్లేడు. నాకది సాలు."

అమ్ములుకి అది చాల్లేదు. కానీ ఆ మాటన్న మనిషి కన్నతల్లి. ఎన్నో ఏళ్ళుగా కొడుక్కి నీళ్ళు వదలడానికి కోడలి నోటివైపు చూస్తూ కూచున్న తల్లి. మాలయ అమావాస్య ఎప్పుడత్తా అని అడిగింది.

శవం లేనివాళ్ళకి చేసినట్టే దర్భలతో బొమ్మ కట్టి, వాసు పినతండ్రి కొడుకు వెంకటరాజు చేత అన్నీ చేయించారు. గాజులు పగలగొట్టడానికి పేటలో ఆడవాళ్ళొస్తామంటే సూరమ్మ ఒప్పుకోలేదు. అమ్ములు పట్టపగలు, తలుపు తీసే ఉంచి, తనే ఒక్కొక్కటీ తీసి పళ్ళెంలో పెట్టింది. పుస్తెలు అత్త చేతికిచ్చింది. బొట్టు మాత్రం ఉంచుకుంటానంది. నీ ఇష్టమంది సూరమ్మ.

నీళ్ళు వదలడానికి నది దగ్గరికి వెళ్ళినప్పుడు జో మిన్ కూడా వచ్చాడు. మళ్ళీ ఓడెక్కలేదతను. మింగళాడోన్‌లో బట్టల ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు, మనిషి బాగా తగ్గిపోయాడు. కార్యం అయ్యాక, వెంకటరాజు తడిబట్టలు పిండుకుంటుంటే, అమ్ములు అతన్ని పక్కకి పిలిచి ఆ మాట చెప్పింది. ఊ అంటే మనకి ఏమిటో, వాళ్ళకి ఏమిటో చెప్పింది. జో మిన్ దాన్ని నోట్లోనే అనుకుని చూసుకున్నాడు. తనకి ఇప్పటికీ సాయంత్రాలు అలాగే ఉంటుందని, ఫ్యాక్టరీలో మిషన్లు ఆగగానే వెనక్కి చూడలేక నిలబడిపోతానని, ఇంట్లో పెళ్ళాం కూడా పిచ్చనుకుంటోందని చెప్పాడు. దానికో పేరుందా అక్కా అని అడిగాడు. ఉందంది. పేరుందంటే అది నా ఒక్కడికే కాదు, ఇంకా ఎవరికో వచ్చుంటుంది అన్నాడు. పడవ వేళవుతోందని, డలా వైపు దిగే మెట్ల మీద మెల్లిగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

తింజా దీపావళి ముందు మళ్ళీ కబురంపింది, ఇంకొన్ని కుషన్లు కావాలని, వాటి మీద షాపు పేరు కుట్టించాలని. గలీబులు కుట్టి ఇస్తానని, పేరు మాత్రం ఇంకెవరి చేతనైనా వేయించుకోమని అమ్ములు చెప్పింది. ఎందుకని తింజా అడగలేదు.

మిషను మళ్ళీ కిటికీ దగ్గరికే వచ్చింది, వెలుతురు లేకపోతే సూది కనపడదు కదా. సూరమ్మ ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకోదు. పొద్దువాలే వేళకి కోడలి పక్కన పీట వేసుకుని చిక్కుళ్ళు ఒలుస్తుంది, లేకపోతే వాసు చిన్ననాటి సంగతులు తవ్వుతుంది. మధ్యలో ఎప్పుడో అమ్ములు కాలు మిషను మీద ఆగిపోతుంది. సూరమ్మ తలెత్తి చూస్తుంది.

"ముసిలాయన వచ్చేడా?"

"వచ్చేడత్తా."

సూరమ్మ పీట ఇంకాస్త దగ్గరికి జరుపుకుంటుంది. ఎక్కడ ఆపిందో అక్కడినించి మళ్ళీ చెప్పుకొస్తుంది. కాసేపటికి అమ్ములు మిషను తొక్కడం మొదలెడుతుంది.